పద్నాలుగు తాటాకుల మందు

రత్నదుర్గం రాజు వీరకేసరికి ఏ ఆలోచన వచ్చినా తెల్లారేసరికి చట్టమైపోవాలి. ఒకసారి ఆయన మామగారు దగ్గుమందు రెండింతలు తాగేసి, రెండు రోజులు లేవకుండా నిద్రపోయాడు. రాజు హడలిపోయాడు.

"అరవై దాటినవాళ్లకు ఇకమీదట రాతకోతలు లేకుండా మందు ఇవ్వకూడదు!" అన్నాడు.

ఆ పని లేఖకుల పెద్ద కోదండపతి చేతిలో పడింది. ఆయనకు లోకంలో రెండే సరదాలు: జనం చేత తాటాకులు నింపించడం, మీసాలకు నల్లరంగు వేయించుకోవడం. వారం తిరక్కుండా నియమాలు తయారయ్యాయి. అరవై లోపువారికి నిండు మోతాదు. దాటినవారికి తక్కువ మోతాదు, దానికి ముందు పద్నాలుగు తాటాకులు నింపాలి. వైద్యుడు సొంత తెలివి వాడరాదు.

ఆస్థాన వైద్యుడు ముక్తేశ్వరయ్యకు తల తిరిగిపోయింది. ముసలివాళ్లకు మోతాదు తగ్గించాలని ఆయనకొకరు చెప్పాలా? నాడి పట్టుకుంటే తెలిసిపోతుంది. నాడి పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉంటేగా! గంటం పట్టుకుని పట్టుకుని వేళ్లు వాచిపోయాయి.

అంతఃపురంలో పూలు కట్టే అచ్చమ్మవ్వ జ్వరంతో వచ్చింది. తొమ్మిదో ఆకులో 'రోగి తాతగారికి పళ్లెన్ని?' అని ఉంది. మందు చేతికొచ్చేసరికి మూడు రోజులు పట్టింది.

"నాయనా, ఆ ఆకులే ఉడకబెట్టి కషాయం పోసినా ఈపాటికి లేచి తిరిగేదాన్ని," అంది అవ్వ నీరసంగా.

వైద్యుడికి నవ్వు రాలేదు. నేరుగా కొలువుకెళ్లి మొర పెట్టుకున్నాడు.

"వైద్యులవారికి రాయడానికి బద్ధకం ప్రభూ," అన్నాడు కోదండపతి, మీసం దువ్వుతూ.

సభ నవ్వింది. రాజూ నవ్వాడు. "నియమం తప్పు అని రుజువు చెయ్యి, తీసేస్తాను," అన్నాడు.

పది రోజులు గడిచాయి. రాణిగారి పుట్టినరోజు విందులో కోదండపతి పన్నెండు బొబ్బట్లు లాగించి, నిండు కొలువులో కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

ముక్తేశ్వరయ్య నాడి చూశాడు. ఒట్టి అజీర్ణం. భయపడాల్సిందేమీ లేదు. మొహం మాత్రం గంభీరంగా పెట్టాడు.

"వయసెంత?"

"న... నలభై ఎనిమిది."

"అయితే నిండు మోతాదు. మూడు విరేచన మాత్రలు."

"మూడా! మనిషిని చూసి ఇవ్వండయ్యా!"

"మనిషిని చూడకూడదు, వయసే చూడాలని రాసింది తమరే కదా!"

మాత్రలు నోటి దాకా వచ్చేసరికి కోదండపతి ధైర్యం జారిపోయింది.

"అరవై ఆరు!" అని అరిచాడు.

సభ గొల్లుమంది. వైద్యుడు నిదానంగా తాటాకుల కట్ట విప్పి, గంటం అందుకున్నాడు.

"ఒకటో ఆకు. తమరు పుట్టిన రోజున వాన పడిందా?"

"చింపి పారెయ్యవయ్యా ఆ ఆకుల్ని! మనిషి చచ్చిపోతుంటే రాతలేమిటి?"

వైద్యుడు గంటం కింద పెట్టి రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, నియమం తప్పు అని, దాన్ని రాసినవారే అంటున్నారు. ఇంతకన్నా పెద్ద రుజువు నా దగ్గర లేదు."

రాజు పగలబడి నవ్వాడు. "ఇకమీదట ఒక్క ఆకు చాలు. మోతాదు వైద్యుడే చూసుకుంటాడు!" అని, తన భుజం మీది పట్టుశాలువా తీసి ముక్తేశ్వరయ్యకు కప్పాడు.

వైద్యుడు అర మాత్ర విరిచి ఇచ్చాడు. కోదండపతి అది మింగి, ఎవరి సెలవూ అడక్కుండా పెరటివైపు పరుగెత్తాడు. రాణిగారితో సహా కొలువంతా కడుపులు పట్టుకుని నవ్వింది.