ఖాళీ మేకు

దస్తగిరికి దిగులు పట్టుకుంది.

దేశమంతా కొత్త కంపెనీలు పుట్టాలని ఊరికొక స్టార్టప్ హాలు తెరిచినారు. వాళ్ల ఊరి హాలు చూసుకునేది దస్తగిరే. కరెంటు ఉచితం, నెట్టు ఉచితం, టీ కూడా ఉచితం. అయినా ఆర్నెల్లుగా ఒక్క పిల్లోడు కొత్త ఆలోచనతో గడప తొక్కలేదు. ఈ నెల కూడా ఎవరూ రాకపోతే తాళం వేస్తామని పైనుంచి కాగితం వచ్చింది.

దర్గా పక్కన పరుపులు కుట్టే హుసేనయ్య తాత దగ్గరికి పోయి కూర్చున్నాడు. చిన్నప్పటినుంచి మంచీ చెడూ నేర్పింది ఆ తాతే.

"తాతా, మన పిల్లోళ్లకు ధైర్యం లేదు."

"అట్లనా? పద, చూసొద్దాం." తాత సూదిని టోపీకి గుచ్చుకుని లేచినాడు.

హాల్లో గోడ నిండా ఫొటోలు. దస్తగిరి ముఖం వెలిగిపోయింది.

"ఈ పాపది సోలారు పంపుల కంపెనీ. ఈయన పల్లీ చిక్కీలు దుబాయికి పంపుతాడు. మా గోడ మీద మునిగినోడే లేడు తాతా!"

మధ్యలో ఒక మేకు ఖాళీగా ఉంది.

"ఇది ఎవురిది?"

దస్తగిరి తల గోక్కున్నాడు. "ఓబులేసని ఒకడు. చామంతులు వాడిపోకుండా ఉంచే పెట్టె చేసినాడు. లారీడు పూలు నల్లబడిపోయినాయి. కంపెనీ మూతపడింది. వచ్చేపోయేవాళ్లు చూస్తే బాగుండదని ఫొటో తీసేసినా."

"ఇప్పుడేం చేస్తాండాడు?"

"ఇంట్లోంచి బయటికే రాడంట. వాళ్లమ్మ చెప్పింది."

తాత తలమీది టోపీ తీసి ఆ మేకుకు తగిలించినాడు.

"అయ్యో, అదేంది తాతా!"

"నేను కుట్టిన మొదటి పరుపుల సంగతి తెల్సా నీకు? దూదంతా గడ్డలు కట్టింది. పన్నెండు మంది నెత్తిన పెట్టుకొచ్చి నా ఇంటిముందు పడేసి పోయినారు." తాత నవ్వినాడు. "మా గురువు వాటిల్లో ఒకటి తీసుకుపోయి, చచ్చేదాకా దానిమీదే పడుకున్నాడు. రోజూ వీపు నొప్పి అనేవాడు. మారుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. అందుకే ఈ గోడ మీద నా చోటు ఈ ఖాళీ మేకేలేరా."

దస్తగిరి గోడకేసి చూస్తా నిలబడిపోయినాడు. ఓబులేసు ఫొటో తీసేసింది కూడా ఆర్నెల్ల కిందటే.

కాసేపటికి బండి తాళం తీసుకున్నాడు.

"యాడికిరా?"

"ఓబులేసు ఇంటికి."

"పోతూనే బుద్ధులు చెప్పొద్దు," అన్నాడు తాత. "అన్నం తిన్నావా అని అడుగు ముందు."