దున్నపోతును గంటసేపు తిట్టిన బాతు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి తారు రోడ్డు వచ్చింది. రోడ్డుతో పాటు బళ్ళొచ్చాయి. బళ్ళతో పాటు తిట్లొచ్చాయి.

అక్కడ గవర్రాజు అనే మగబాతు ఉండేవాడు. సైకిలెక్కనంతసేపూ చాలా మంచివాడు.

పిల్లలూ, ఇళ్ళలో పెరిగే బాతుల్లాగే ఆ అడవి బాతులూ గుడ్లు పెట్టేవి గానీ పొదిగేవి కావు. అది బద్ధకమని నేననను. ఊరంతా అంటారు. అందుకే గవర్రాజు భార్య మంగాయమ్మ బుట్టలో గడ్డి పరిచి, ఆరు గుడ్లు పెట్టి, సైకిలు వెనక కట్టింది.

"మన గుడ్లు పొదగడానికి కోడి సూరమ్మ మధ్యాహ్నం దాకానే ఎదురుచూస్తానంది. ఆ తర్వాత గిన్నికోడి గుడ్ల మీద కూర్చుంటుందట. మన పిల్లలు పుట్టాలంటే నువ్వు దారిలో నోరు మూసుకోవాలి" అంది.

"నేనెవరినైనా ఊరికే అంటానా?" అన్నాడు గవర్రాజు.

మంగాయమ్మ సైకిలును రోడ్డు మీదికి తోసింది. జవాబు చెబితే మధ్యాహ్నం అక్కడే అయ్యేది.

మొదట ఎలుగుబంటి ట్రాక్టరు హారన్ కొట్టకుండా రాసుకుంటూ పోయింది. గవర్రాజు వెంటపడి తిట్టాడు. "తప్పే అన్నా" అంది ఎలుగుబంటి. ఒప్పుకున్నాక కూడా ఇంకాసేపు తిట్టాడు. సగంలో ఆపడం ఆయనకు అలవాటు లేదు.

తర్వాత నక్క వెనక్కి చూడకుండా కారు తలుపు తీసింది. గవర్రాజు బ్రేకు వేసి బతికిపోయాడు. బతికినందుకు సంతోషించకుండా నక్క ముత్తాత దాకా వెళ్ళి వచ్చాడు.

మూడోది దున్నపోతు అప్పలకొండ ఆటో. అప్పలకొండ కుడిచెయ్యి బయటపెట్టాడు. కుడికి తిరుగుతాడని గవర్రాజు ఎడమపక్క నుంచి పోబోయాడు. ఆటో ఎడమకే తిరిగింది. సైకిలు తుప్పల్లోకి పోయింది.

అదృష్టం, ఒక్క గుడ్డూ పగల్లేదు. ఎదురుగానే సూరమ్మ గూడు. ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు.

గవర్రాజు గూటి వైపు చూశాడు. ఆటో వైపు చూశాడు. ఆటో వెనకే పోయాడు.

"చెయ్యి అటు పెట్టి ఇటు తిరుగుతావేంరా?"

"చెయ్యా? తువ్వాలు ఆరబెట్టుకుంటున్నా బావా."

గవర్రాజు గంటసేపు తిట్టాడు. దున్నపోతు మీద వాన అని పెద్దలు ఊరికే అనలేదు. అప్పలకొండ నెమరేస్తూ విన్నాడు. మధ్యలో ఒక కునుకు కూడా తీశాడు.

గొంతు పోయాక గవర్రాజు గూటికి వెళ్ళాడు. సూరమ్మ అప్పటికే గిన్నికోడి గుడ్ల మీద కూర్చుని ఉంది.

"ఖాళీ లేదు తమ్ముడూ. నీ అరుపులు ఇక్కడికే వినిపించాయి. పనిలో ఉన్నావు కదా అని పిలవలేదు" అంది.

ఇంటికొచ్చాక మంగాయమ్మ బుట్ట దించింది. గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, వేలితో చోటు చూపించింది.

ఇరవై ఎనిమిది రోజులు గవర్రాజు గుడ్ల మీదే కూర్చున్నాడు. మేమందరం వెళ్ళి చూశాం. పరామర్శకే.

పదో రోజు గుమ్మం ముందు ఆటో ఆగింది. "బావా, ఆ రోజు ఏదో చెబుతున్నావు. ఏంటది?" అన్నాడు అప్పలకొండ.

గవర్రాజు లేవబోయాడు. లేస్తే గుడ్లు చల్లారిపోతాయి. మళ్ళీ కూర్చున్నాడు.

"ఏం లేదు. చూసి తిప్పు" అన్నాడు.

"ఓస్, అంతేనా! అప్పుడే చెప్పొచ్చుగా" అని అప్పలకొండ వెనక్కి చూసి మరీ ఆటో తిప్పాడు.

ఆరు గుడ్లూ పిల్లలయ్యాయి. కళ్ళు తెరవగానే ఆరూ గవర్రాజును చూసి "అమ్మా" అన్నాయి.

నీతి: రోడ్డు మీద ఎదుటివాడు తప్పు చేస్తే పక్కకు తప్పుకో, ఒక్క ముక్క చెప్పు, నీ దారిన నువ్వు పో.