ఎర్రమట్టి వాసన

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగుకి ఇవతల గట్టున ఒక ఎర్రమట్టి బొరియ ఉండేది. లోపల గదులు పది, బయటికి వాకిలి మాత్రం ఒక్కటే. దాన్ని తవ్వింది ఒంటినిండా పొలుసులుండే అలుగు తాత. తవ్వడం వరకే ఆయన పని. ఎవరొచ్చి అడిగినా ఇంకేమీ ఆరా తీయకుండా ఒక గది ఇచ్చేవాడు.

అందులో ఒక గది ముళ్ళపంది సూదులమ్మది. ఆమె కూతురు బుల్లెమ్మ వాగుకి అవతల, నీటి అంచున కాపురం ఉంటోంది. ఆమెకు ఈమధ్యే ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఆ అడవిలో కబురు పంపాలంటే మోదుగాకు మీద గోటితో గీకాలి. ఉడుత దాన్ని రాళ్ళదారి మీదుగా వాగు దాటిస్తుంది. అవతల కాపలా ఎలుగుబంటిది. అతను ముందు ఆకును వాసన చూస్తాడు, ఆ తర్వాతే లోపలికి పంపుతాడు. ఎర్రమట్టి బొరియలో పెట్టిన ఏ ఆకుకైనా ఒకటే వాసన. ఎవరు గీకినా అంతే.

సూదులమ్మ పక్క గదిలోకి దుమ్ములగొండి ఒకడు దిగాడు. రోజంతా గోడ అవతల గరగర చప్పుడు. వాడు ఆకులు గీకుతూ పైకి చదివేవాడు. "ఇవతల రేగుపళ్ళు రాలాయి, రండి." మళ్ళీ అదే. రోజుకు వంద ఆకులు. ఆ రేగుచెట్ల కింద వేటగాళ్ళు ఉచ్చులు పన్నారని వాడికి తెలుసు. వేటగాళ్ళు వదిలేసినది వాడు తినేవాడు. మిగిలిన ఎముకల్లో ఒకటి తెచ్చి సూదులమ్మ గుమ్మంలో పెట్టేవాడు. ముళ్ళపందులకు ఎముక కొరకడమంటే ప్రాణం కదా.

ఒకరోజు అలుగు తాత అడిగాడు. "సూదులమ్మా, వాడి గదిలోంచి మూటలు మూటలు ఆకులు పోతున్నాయి. ఏం రాస్తున్నాడో నీకేమైనా వినబడుతోందా? నువ్వు ఒక్క మాట చెప్పు, పంపించేస్తాను."

సూదులమ్మ కొరుకుతున్న ఎముకను కాలి కింద దాచుకుంది. "నాకేం వినబడదు తాతా," అంది. మనకెందుకొచ్చిన గొడవ అనుకుంది. పిల్లలూ, ఆ మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో చూడండి.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున్న అలుగు తాత కంగారుగా వచ్చాడు. "చీమలు గుడ్లు మోసుకుని గుట్ట పైకి పోతున్నాయి. నేను ఎన్నేళ్ళుగా చీమల్ని చూస్తున్నానో నీకు తెలుసు. మూడు రోజుల్లో వాగు పొంగుతుంది."

సూదులమ్మ వెంటనే ఆకు గీకింది. "బుల్లెమ్మా, పిల్లల్ని తీసుకుని గట్టు పైకి ఎక్కు." ఉడుత తీసుకెళ్ళింది, జవాబు లేకుండా తిరిగి వచ్చింది.

"ఎలుగన్న చదవనైనా చదవలేదు పిన్నీ. వాసన చూశాడు, బండ కింద పడేశాడు. ఎర్రమట్టి బొరియ ఆకు ఏదైనా అంతేనట."

సూదులమ్మ మరో ఆకు గీకి, దానికి అడవి తులసి రుద్ది పంపింది. అదీ బండ కిందికే పోయింది. "వాసన దాచుకుని వచ్చే ఆకు ఇంకా చెడ్డది," అన్నాడట ఎలుగుబంటి.

మర్నాడు తనే రాళ్ళదారి పట్టుకుని వెళ్ళింది. ఎలుగుబంటి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె ఒంటి మీదా అదే వాసన.

"నేను ఏ తప్పూ రాయలేదు అన్నా. నా కూతురు మునిగిపోతుంది. నన్ను రానివ్వకపోయినా ఫర్వాలేదు, నువ్వే ఒక మాట చెప్పు."

"పోయిన నెల మీ బొరియ ఆకు చూసి నా చిన్నోడు రేగుపళ్ళకని వాగు దాటాడు," అన్నాడు ఎలుగుబంటి. "ఉచ్చులో పడ్డాడు. పూడ్చుకుందామంటే ఒక్క ఎముక కూడా దొరకలేదు."

సూదులమ్మకు గుర్తొచ్చింది. పోయిన నెల తన గుమ్మంలోకి వచ్చిన ఎముక లేతది. పంటికి చాలా మెత్తగా తగిలింది.

"ముందు ఆ ఆకులు ఆపించు. బొరియ శుభ్రం చేసుకోండి. ఏడు రోజులు చూస్తాను. చెడ్డ ఆకు రాకపోతే అప్పుడు దారి తెరుస్తాను," అన్నాడతను.

"ఏడు రోజులు నా దగ్గర లేవన్నా."

"మీ మాట ఒకసారి నమ్మాం," అని అతను వెనక్కి తిరిగాడు.

సూదులమ్మ ఏడుస్తూ ఇంటికి వచ్చింది. అందరి ముందూ నిజం చెప్పింది, తను అబద్ధమాడిన సంగతితో సహా. బొరియలో వాళ్ళంతా కలిసి దుమ్ములగొండిని తరిమేశారు. సూదులమ్మ ముళ్ళు విప్పి ముందు నిలబడింది. అంతా ఒక్క పూట పని.

పోతూ పోతూ వాడు నవ్వాడు. "ఎముకలు కొరికినన్నాళ్ళూ బాగానే ఉన్నానుగా అక్కా." వాడికేం, ఇంకో గుట్ట కింద ఇంకో గది దొరికింది.

మిగిలినవాళ్ళు పాత ఆకులన్నీ బయట పారేశారు. గోడలు గీకి కొత్త మట్టి మెత్తారు. అంతా అయ్యేసరికి పైన కొండల్లో ఉరిమింది.

మూడో రోజు వాగు పొంగింది. రాళ్ళదారి మునిగిపోయింది. సూదులమ్మ గట్టు మీద నిలబడి కూతురి పేరు పెట్టి అరిచింది. ఆ నీళ్ళ హోరులో తన గొంతు తనకే వినబడలేదు.

ఎనిమిదో రోజుకు నీళ్ళు తీశాయి. ఎలుగుబంటి వాగు దాటి వచ్చాడు. చేతిలో తడిసిన మోదుగాకు ఉంది.

"బండ కింద దొరికింది," అన్నాడు. "వానకి వాసన పోయింది. ఇప్పుడు చదివాను."

సూదులమ్మ ఆకు అందుకుంది. గీతలు ఒక్కటి కూడా చెరగలేదు.

"నిజమే రాశావమ్మా," అన్నాడు ఎలుగుబంటి. "నీటి అంచున ఇప్పుడు ఇళ్ళేమీ లేవు."

నీతి: ఒకే వాకిట్లో ఉంటూ పక్కవాడి తప్పు తెలిసీ నోరు మూసుకుంటే, రేపు మనం నిజం చెప్పినా నమ్మేవాళ్ళు ఉండరు.