గవరయ్య ఆకు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల పల్లె, అవతల కోట. ఆ కోటనేలిన దొర పేరు నాకు తెలీదు, మీరూ అడక్కండి. పడవ తోసిన గవరయ్య పేరు మాత్రం ఇక్కడ అందరికీ తెలుసు.

వానలు మొహం చాటేసిన కాలం. గవరయ్యకి అప్పుడప్పుడే మీసాలొస్తున్నాయి. ఇంట్లో అమ్మ ఒక్కతే. గాదె ఖాళీ. కోటలో కొలువులున్నాయని దండోరా వేశారు. కావలసినవాళ్లు తమకేం పని వచ్చో తాటాకు మీద రాయించుకుని రావాలన్నారు.

కోట వాకిట్లో ఆకులు రాసిపెట్టే సోమరాజు ఉండేవాడు. ఎవరొచ్చినా ఒకటే రాత. "ఇతనికి రాని పని లేదు." గవరయ్యకి సిగ్గేసింది. అమ్మ మొహం గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఆ ఆకు చూసి గుర్రాల దగ్గరికి పంపారు. గుర్రం ఆకులు చదవదు కదా, ఒక్క తన్ను తన్నింది. గవరయ్య కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే రాత. "ఇతనికి రాని పని లేదు." ఈసారి వంటశాలలో పెట్టారు. కోటంతటికీ వండిన అన్నం అడుగంటిపోయింది. గవరయ్య తలొంచుకుని ఇంటికొచ్చాడు.

మూడోసారి, రేవులో పడవ తోసేవాళ్లు కావాలన్నారు. సోమరాజు గంటం తీశాడు. గవరయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఈపాలి నే సెప్పినట్టు రాయండి బాబూ. పడవ తొయ్యడం వచ్చు. వరదలో రాదు."

సోమరాజు పగలబడి నవ్వాడు. రానివి రాసుకుంటే కొలువెవడిస్తాడురా అన్నాడు. నవ్వుతూనే రాసిచ్చాడు.

దొర ఆకులన్నీ చదివించుకున్నాడు. ఎవరికీ రాని పని లేదు, ఒక్క గవరయ్యకి తప్ప. ఇదెందుకు రాయించావని దొర అడిగాడు.

"ఎక్కీవోళ్లకి తెలవాలి గదండీ," అన్నాడు గవరయ్య.

దొరకి ఆ మాట నచ్చింది. గవరయ్యనీ, రాని పని లేదని రాయించుకున్న బంగారయ్యనీ రేవులో పెట్టాడు. గవరయ్య ఇంట్లో పొయ్యి మళ్లీ వెలిగింది.

మరుసటేడు వానలు విరుచుకుపడ్డాయి. ఏరు పోటెత్తింది. దొర ఏదో పని మీద ఇవతలి ఒడ్డుకొచ్చి చిక్కుకుపోయాడు. అప్పుడే మనవడు పుట్టాడని కోట మీద నగారా మోగింది. దొర ఆగలేకపోయాడు. పడవ తియ్యమన్నాడు.

"వరదలో రాదని రాయించాను బాబూ," అన్నాడు గవరయ్య.

తియ్యకపోతే కొలువు పోతుందన్నాడు దొర. గవరయ్యకి ఖాళీ గాదె కళ్లముందు మెదిలింది. అయినా గెడకర్ర తెచ్చి దొర కాళ్ల దగ్గర పెట్టేశాడు.

దొర బంగారయ్య వైపు తిరిగాడు. బంగారయ్య నీళ్ల వైపు చూశాడు. గెడకర్ర వైపు చూశాడు. గవరయ్య వైపు చూశాడు.

"నాకూ రాదు బాబూ," అని చతికిలబడి ఏడ్చాడు. పాపం, ఎన్నాళ్లుగా దాచుకున్నాడో.

దొర కోపంతో ఒడ్డునే కూర్చున్నాడు. కాసేపటికి ఎక్కడో కొండల్లో కూలిన మహావృక్షం వేళ్లతో సహా దొర్లుకుంటూ, సరిగ్గా పడవలు దాటే చోటునుంచే పోయింది. అందరూ చూశారు. దొర లేచి, గెడకర్ర తీసి గవరయ్య చేతిలో పెట్టాడు.

వరద తీశాక గవరయ్యే దొరని మనవడి దగ్గరికి దాటించాడు. ముసలివాడయ్యేదాకా ఆ రేవులోనే ఉన్నాడు. ఇప్పుడైనా వరదలో తొయ్యడం వచ్చా తాతా అని పిల్లలు ఆటపట్టిస్తే, "పోయిన వరద తెలుసు. రాబొయ్యేది తెల్దు," అనేవాడు.

గవరయ్య పోయి ఎన్నేళ్లయిందో లెక్క లేదు. ఇప్పటికీ ఆ రేవులో కొత్త పడవవాడు గెడ పట్టేముందు తనకి రానిదేమిటో పైకి చెబుతాడు. అది విన్నాకే జనం ఎక్కుతారు. ఇక పట్నానికి ఉద్యోగాల కోసం వెళ్లే పిల్లలుంటారు, చదువులూ పనులూ కాగితం మీద రాసుకుని. వాళ్లని పడవవాడు ఒక్కటే అడుగుతాడు, గవరయ్య మాట రాసుకున్నారా అని. ఆ కాగితంలో రాని పని ఒక్కటైనా కనబడకపోతే గెడ ముట్టుకోడు.