దొండావారింట దారి తెలిసిన డబ్బా

గుమ్మలపాడులో దొండావారి అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు జోగినాయుడు, నడిపివాడు పైడినాయుడు, చిన్నవాడు సింహాద్రి. తెలివి పంచేవాడెవడో ఊళ్ళోకి వచ్చినప్పుడు ముందు తమ గుమ్మంలోనే బస్తా విప్పాడని, అడుగున మిగిలిన నలుసులే ఊరంతా పంచుకుందని వాళ్ళ నమ్మకం. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేసేస్తారు, ఒక్క పొల్లు పోనివ్వరు. పక్కింటావిడ పెళ్ళికి వెళ్తూ, "బాబూ పైడీ, మా ఇల్లు ఓ కంట కనిపెట్టి ఉండు" అంది. అంతే! పైడినాయుడు రెండో కంటికి తువ్వాలు కట్టుకుని, ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాడు. "రెండు కళ్ళూ పెడితే ఆవిడ మాట దాటినట్టు కాదూ?" అని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పుకున్నాడు కూడాను.

వాళ్ళది బెల్లం వ్యాపారం. గుమ్మలపాడులో ఒకే ప్రహరీ లోపల గోదాం, కాటా గది, ఆఫీసు గది ఉన్నాయి. వాళ్ళ చెల్లెలు సూరమ్మ ఏరు దాటి కొండదిగువలో చిన్న బెల్లం కొట్టు నడుపుతోంది. మొగుడు పోయాక ఆవిడకి ఆ కొట్టే ఆధారం. కష్టమల్లా ఏమిటంటే, గోదాంలో ఏ సరుకుందో ఆవిడకి తెలిసేది కాదు. ఫోన్ చేసి, "పెద్దన్నయ్యా, నల్లబెల్లం ఎంతుంది?" అని అడిగేది.

"చాలా ఉందే అమ్మా."

"చాలా అంటే?"

"నిన్నటికంటే కొంచెం తక్కువ చాలా."

ఇంకేముంది, ఆవిడ ఉందనుకుని కొనేవాళ్ళకి ఇస్తానని ఒప్పుకునేది, సరుకు వచ్చేది కాదు. పోయిన ఏడు కొండదిగువ తీర్థం నాడు, జాతర జనం విరగబడి వస్తే, కొట్టు బోసిగా ఉండిపోయింది. ఈ ఏడు సంత పెద్ద గవిరయ్య ముందే వచ్చి చెప్పేశాడు: "చూడు సూరమ్మా, తీర్థం పొద్దున్నే వస్తాను. కొట్టులో బెల్లం లేకపోతే ఈ జాగా ఇంకొకరికి ఇచ్చేస్తాను. తరవాత నన్ననుకోవద్దు."

సూరమ్మ ఫోన్లో ఏడ్చింది. అన్నలు ముగ్గురికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెలివైనవాళ్ళు కదా, వెంటనే పట్నం వెళ్ళి, కంప్యూటర్లకు తీగలు కలిపే ఇందుమతి అనే అమ్మాయిని పట్టుకున్నారు.

ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. "బాబాయిగారూ, ఇందులో రెండు రకాల డబ్బాలున్నాయండి. ఒకటి లేయర్ త్రీ స్విచ్. ఇంట్లో ఈ గదినుంచి ఆ గదికి ఎటు వెళ్ళాలో దానికి తెలుసు. మహా వేగం. రెండోది రౌటర్. అది వీధి తలుపు లాంటిది. ఫోన్ కంపెనీవాళ్ళ తీగ పట్టుకుని ఊరు దాటాలంటే అదే కావాలి. బయటి దారులు దానికి తెలుసు. మన మాట దారిలో ఎవరూ వినకుండా మూటగట్టి పంపుతుంది కూడా."

వేలెడంత లేని డబ్బాకి ఊళ్ళ దారులన్నీ తెలియడమా! ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"వేగం ఏదన్నావు తల్లీ?" అన్నాడు జోగినాయుడు.

"స్విచ్చేనండి. కానీ ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళకైతేనే అదొక్కటీ సరిపోతుంది. మీవి రెండు ఊళ్ళు కదా."

జోగినాయుడు తమ్ముళ్ళ వంక చూశాడు. తమ్ముళ్ళు అన్న వంక చూశారు. "ఓస్, ఇంతేనా! ఒకే కప్పు వేసేస్తే పోలా?" అన్నాడు పైడినాయుడు.

అంతే! ఇంటికొచ్చి గోదాంలో బెల్లం మీద కప్పిన టార్పాలిన్ పట్టాలన్నీ లాగేశారు. వెదురు గడలు పాతుకుంటూ, గుమ్మలపాడు నుంచి కొండదిగువ దాకా రోడ్డుకి కప్పు వేయడం మొదలెట్టారు. ఊరి చివరి కల్వర్టు దగ్గరికొచ్చేసరికి పట్టాలైపోయాయి. సింహాద్రి తన పంచె విప్పబోతే పైడినాయుడు ఆపాడు. ఇంతలో కొండదిగువ బస్సొచ్చింది. ఆ బస్సు ఎత్తేమిటి, ఈ కప్పు ఎత్తేమిటి! గడలన్నీ పటపటా విరిగాయి, పట్టాలన్నీ బస్సు నెత్తికి చుట్టుకున్నాయి, బస్సు వాటితోనే వెళ్ళిపోయింది.

"అన్నయ్యా, మన కప్పు పోయింది!"

"పోలేదురా సన్నాసీ, కొండదిగువ చేరింది. మనం వేస్తే నెలపట్టేది" అన్నాడు జోగినాయుడు.

ఆ సాయంత్రం వాన పడింది. గోదాం కప్పు చిల్లుల్లోంచి ధారలు కారి, పట్టాలు లేని పై వరస బెల్లం దిమ్మలు కరిగి, వాకిలంతా తియ్యగా పారింది. ఊరి చీమలన్నీ చుట్టపుచూపుగా వచ్చాయి.

సరే, కప్పు కుదరలేదు కనక రౌటరే కొందామని మళ్ళీ పట్నం వెళ్ళారు. ఇందుమతి పనిలో ఉంది. డబ్బా చేతికిచ్చి, "రెండు ఊళ్ళ మధ్యకి ఇదేనండి సరైనది. రేపొచ్చి నేనే బిగిస్తాను" అంది.

"రెండు ఊళ్ళ మధ్య. గుర్తుంచుకోండర్రా" అన్నాడు జోగినాయుడు.

ఇంకేముంది! తాడు పట్టుకుని దారంతా కొలిచారు. సరిగ్గా మధ్య ఎక్కడొచ్చిందయ్యా అంటే, దాసరివాళ్ళ వరి మడిలో వచ్చింది. మోకాలిలోతు బురదలోకి దిగి స్టూలు వేశారు, దాని మీద డబ్బా పెట్టారు, ఎండ తగలకుండా గొడుగు పాతారు. సింహాద్రి పక్కనే కాపలా నిలబడ్డాడు. మర్నాడు స్కూటరు మీద వస్తూ ఇందుమతి ఈ వైభవం చూసి గట్టుమీద కూలబడిపోయింది.

"బాబాయిగారూ, రౌటర్ పొలంలో ఏం చేస్తోందండీ?"

"మధ్య అన్నావుగా తల్లీ! కొలిచి పెట్టాం. జానెడు అటూ లేదు, ఇటూ లేదు."

"అయ్యో! వీధి తలుపు ఎవరి ఇంటికి వాళ్ళకుండాలి గానీ, రెండిళ్ళకీ కలిపి రోడ్డు మీద పెడతామా? మీకొకటి, సూరమ్మగారికొకటి."

"ఆ మాట ముందే చెప్పొద్దూ? సింహాద్రికి కాళ్ళు నానిపోయాయి పాపం."

మంచి పిల్ల, కోప్పడలేదు. డబ్బా తుడిచి ఆరబెట్టింది. ప్రహరీ లోపల గోదాం, కాటా గది, ఆఫీసు కలిపేందుకు స్విచ్ పెట్టింది. ఊరు దాటేందుకు ఆఫీసులో ఒక రౌటర్, సూరమ్మ కొట్టులో ఒక రౌటర్ బిగించింది. కాటా మీద తూచిన దిమ్మ బరువు కొండదిగువ కొట్టులో కంప్యూటరు తెరమీద పడింది. సూరమ్మ ఫోన్లో కేక పెట్టింది: "ఓలమ్మో! చిన్నన్నయ్యా, మీ గోదాం నా కొట్టులోకి వచ్చేసింది!"

వెళ్తూ వెళ్తూ ఇందుమతి ఒక్క మాట చెప్పింది. "డబ్బా మీద ఈ పచ్చ దీపం వెలుగుతుంటే దారి తెరిచి ఉన్నట్టు. ఎర్ర దీపం వెలిగితే దారి మూసుకుపోయినట్టు."

రేపు తీర్థం అనగా, సూరమ్మకి పంపాల్సిన బెల్లమంతా వ్యానుకెక్కించారు. డ్రైవరు తాళం తిప్పబోతుండగా సింహాద్రి పరుగెత్తుకొచ్చాడు. "ఆపండి! ఎర్ర దీపం! దారి మూసేశారు!"

అంతే! దిమ్మలన్నీ దింపేశారు. సింహాద్రి రోడ్డుకి అడ్డంగా నిలబడి కొండదిగువ బస్సు కూడా ఆపాడు.

"ఎవరు మూశారయ్యా దారి?" అన్నాడు బస్సు డ్రైవరు.

"డబ్బా చెప్పింది."

"నాకు బారెడు దారి కనిపిస్తుంటేనూ!"

"నీకు కనిపిస్తుంది బాబూ, దానికి తెలుస్తుంది. ఏది గొప్ప?"

బస్సులో జనం దిగి తలో తిట్టూ తిట్టి, సింహాద్రిని ఎత్తి గట్టుమీద కూర్చోబెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయారు. "పాపం, దారి లేని దారిలో వెళ్తున్నారు" అని జాలిపడ్డాడు సింహాద్రి. వ్యానువాడు విసుగెత్తి ఇంకో కిరాయికి పోయాడు.

కబురందుకుని ఇందుమతి వచ్చి చూస్తే డబ్బా తీగ కొంచెం వదులైంది, అంతే. నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. దిగాలుగా కూర్చున్న ముగ్గుర్నీ చూసి, వ్యాను సంగతి తెలియక, ఊరడింపుగా అంది: "ఇంక బెంగలేదు బాబాయిగారూ. మీ గోదాంలో ఉన్నదంతా ఈ డబ్బాలోంచి క్షణంలో సూరమ్మగారికి వెళ్ళిపోతుంది."

ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి. ఆ పిల్ల స్కూటరు మలుపు తిరిగిందో లేదో, సింహాద్రి ఒక దిమ్మ మోసుకొచ్చి డబ్బా వెనకాల బొక్కకి ఆనించి నెట్టాడు.

"పట్టట్లేదన్నయ్యా."

"పొడిచేసి పెట్టరా."

"పొడి కూడా మొదట్లోనే ఆగిపోతోంది."

జోగినాయుడు గడ్డం గోక్కున్నాడు. "ఒరే, తీగ సన్నం. సన్నంగా పారేదైతే పోతుంది. పాకం పెట్టండి!"

ఇంకేముంది! పెరట్లో పెద్ద పెనం పొయ్యికెక్కింది. గోదాంలో మిగిలిన బెల్లమంతా కరిగింది. తీర్థం నాడు తెల్లారేసరికి పాకం సిద్ధం. పైడినాయుడు గరాటు పట్టుకున్నాడు, సింహాద్రి చెంబుతో పోస్తున్నాడు, జోగినాయుడు ఫోన్లో ఉన్నాడు.

"చెల్లెమ్మా, గిన్నె పెట్టావా?"

"కంప్యూటరు కింద గంగాళమే పెట్టానన్నయ్యా. గవిరయ్యగారు కూడా వచ్చి కూర్చున్నారు. తొందరగా పంపండి!"

"ఇదిగో, పోశాం!"

డబ్బా ఒకసారి చుయ్యిమంది. కాస్త పొగ వచ్చింది. దీపాలన్నీ ఆరిపోయాయి. ఆఫీసంతా కమ్మటి వాసన. అక్కడ కొండదిగువలో తెరమీది అంకెలన్నీ మాయమయ్యాయి.

"అన్నయ్యా! తెరంతా నల్లగా అయిపోయింది!"

"హమ్మయ్య, చేరింది!" జోగినాయుడు గరాటు దించమని తమ్ముడికి సైగ చేశాడు. "నల్లబెల్లం నల్లగా కాక ఎలా ఉంటుందే పిచ్చిమొహమా! చీమలు పట్టకుండా గుడ్డ కప్పు."

గవిరయ్య లేచాడు. కళ్ళజోడు సవరించుకుని నల్లటి తెరలోకి ఇటునుంచీ చూశాడు, అటునుంచీ చూశాడు. వేలు ఆనించి చూశాడు. వెచ్చగా ఉంది.

"ఇంకా పాకంలోనే ఉన్నట్టుందమ్మా. పచ్చిపాకం చూసి జాగా తీసేశానంటే నాకు మాట రాదూ? అచ్చు కట్టాక వస్తాను" అని చెప్పి కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

సూరమ్మ ఆయనకి దణ్ణం పెట్టి, కొనడానికి వచ్చినవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి, విసనకర్ర తీసుకుని కంప్యూటరుకి విసరడం మొదలెట్టింది. అది గట్టిపడేదాకా కొట్టు ఆవిడదే.