జైనుల్లా పిండి పరీక్ష

జైనుల్లాకు ఉన్న బాధల్లా ఒక్కటే. లోకమంతా భేష్ అంది, గురువుగారు మాత్రం అనలేదు.

అతని విద్య అలాంటిలాంటిదా? అబద్ధాన్ని పట్టే విద్య! ఏడు కొండల అవతల ఎవడైనా బొంకితే, ఇక్కడ రాళ్లగుట్ట కింద గురువు కరీంషా తాత చూసుకునే దర్గాలో కూర్చున్న జైనుల్లా కుడిచెవి జివ్వుమనేది. దొంగలు ఆ దారిన రావాల్సి వస్తే చుట్టు తిరిగి పక్క తాలూకాలోంచి పోయేవాళ్లు. ఒకసారి సంతలో మేకల బేరగాడు "ఈ మేక పూటకు కడివెడు పాలిస్తుంది" అనబోయాడు. జైనుల్లా అలా ఒక చూపు చూశాడు. బేరగాడి సంగతి దేవుడెరుగు, మేకే సిగ్గుపడి తల దించుకుంది. కాదన్నవాడు ఆ సీమలో ఇంతవరకు పుట్టలేదు.

"మొహం చూడకూడదప్పా," అని చెప్పేవాడు జైనుల్లా, చుట్టూ చేరినవాళ్లకు మీసం సవరించుకుంటూ. "మొహం ఎవడైనా కడుక్కొనే వస్తాడు. కాళ్లు చూడు, నిలకడ ఉండదు. చేతులు చూడు, వణుకుతాయి. నువ్వడిగిన మాటే తిరిగి నీకు చెప్పి, ఆ సందులో జవాబు వెతుక్కుంటాడు. అన్నిటికీ మించి అబద్ధానికి నోరెండుతుంది. భయంలో ఉమ్మి ఊరదు."

అందుకే అతని ఆఖరి అస్త్రం పిండి. దర్గాలో పంచే పుట్నాలను మెత్తగా దంచి, పిడికెడు నోట్లో పోయించేవాడు. మింగకుండా నమిలి మోదుగాకు మీదికి ఊదాలి. ముద్దగా పడితే నిజం. పొడిగా ఎగిరితే అబద్ధం.

కరీంషా తాత ఇదంతా వింటూ, నెమలీకల కట్టతో ఈగలు తోలుకుంటూ, "మంచిది నాయనా" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

ఆ ఏడు పీర్ల పండుగ నడి ఎండల్లో వచ్చింది. ఎండంటే మామూలు ఎండా? గుట్టమీది రాళ్లే నీడ కోసం దొర్లుకుంటూ కిందికొచ్చాయి.

పెద్దపీరును ఎత్తుకుని నిప్పుల గుండం చుట్టూ తిరిగే హక్కు కుల్లాయప్ప ఇంటిది. వాళ్ల ముత్తాత ఎత్తాడు, తాత ఎత్తాడు, నాయన ఎత్తాడు. ఎత్తేవాడూ, దగ్గరుండి ఎత్తించే దర్గావాళ్లూ ఆ రోజు తెల్లారింది మొదలు పీరు లేచేదాకా ఒక్కపొద్దు ఉండాలి. చుక్క నీళ్లు కూడా ముట్టకూడదు. ముట్టి అబద్ధమాడితే ఆ ఇంటికి ఇక పీరును ఎత్తే భాగ్యం ఉండదు.

పొద్దు వాలుతోంది. డప్పులు మంటకు కాస్తున్నారు. కుల్లాయప్ప పచ్చ నడికట్టు బిగించి పీరు ముందుకొచ్చాడు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఎర్రోబులు వచ్చాడు.

"ఆపండప్పా! వీడు వాగు చెలమకాడ కడుపునిండా నీళ్లు తాగినాడు. నా కండ్లతో సూసినా! వీడెత్తితే ఊరికి వానలు పడతాయా? పొద్దున్నుంచి నేనూ ఒక్కపొద్దే. నేనెత్తుతా!"

జనం ఒక్కసారిగా గోల. ఎవరో అన్నారు, "జైనుల్లా సామి ఉండంగా మనకెందుకప్పా కొట్లాట?"

జైనుల్లా లేచాడు. అతను లేస్తే గుట్ట లేచినట్టే ఉండేది.

"కుల్లాయప్పా, నీళ్లు తాగినావా?"

"నీళ్లు... తాగినానా..." కుల్లాయప్ప గొంతు పెగల్లేదు. "మొగం కడుక్కున్యా సామీ. తాగలే."

అతని చేతులు వణుకుతున్నాయి. ఒళ్లు తూలుతోంది. కుల్లాయప్ప తల్లి సుంకమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"నా కొడుకు తాగలేదు సామీ. వాని కాళ్లు సూడు, నిలబడల్యాకుండాడు."

"కాళ్లే చూస్తున్నానమ్మా," అన్నాడు జైనుల్లా గంభీరంగా.

పిండి తెప్పించాడు. ముందు ఎర్రోబులు ఊదాడు. చక్కటి ముద్ద ఆకు మీద పడింది. తర్వాత కుల్లాయప్ప. ఎంత నమిలినా పిండి కదల్లేదు. చివరికి దగ్గు తెరలో తెల్లటి దుమ్ము లేచి, పిండి పొడిపొడిగా ఆకంతా చెదిరింది.

"అబద్ధం!" అన్నాడు జైనుల్లా.

ఆ కేకకు గుట్టమీది గద్దలు లేచి మూడూళ్ల అవతల గాని వాలలేదు.

సుంకమ్మ ఉన్నచోటే కూలబడింది. కుల్లాయప్ప పీరు వైపు ఒకసారి చూసి నడికట్టు విప్పడం మొదలుపెట్టాడు. వేళ్లు సరిగా ఆడక ముడి ఊడిరావడం లేదు.

జైనుల్లా గురువు వైపు తిరిగాడు. ఇంత జనం ముందు, ఇంత గొప్ప తీర్పు! ఈసారి భేష్ అనకుండా ఎలా ఉంటాడు?

"చూసినారా తాతా?"

"చూసినా నాయనా," అన్నాడు కరీంషా తాత. "పిండి పాతదేమోనని అనుమానం. నువ్వొకసారి ఊది చూపించు."

జైనుల్లా ఫక్కున నవ్వాడు. ఎవరి నోరనుకున్నారు అది? సత్యానికి పుట్టినిల్లు! పిడికెడు కాదు, దోసెడు పోసుకున్నాడు. పోసుకోవడమే ఆలస్యం, వెన్నలా కరిగిపోయింది. పందిట్లో పానకం బానల్లో తీపి సరిపోయిందో లేదో పొద్దున చూసినవాడు అతనే. చూడటానికి ఒక చెంబెడు పట్టింది. దాన్ని తాగడమంటారని అతనికి తోచనే లేదు.

ఠపీమని ముద్ద పడింది. అంత మంచి ముద్ద ఆ దర్గాలో ఎన్నడూ పడలేదు. జనం చప్పట్లు కొట్టారు.

కరీంషా తాత వంగి మూడు ఆకులూ తీసి, పీరు ముందు చాపమీద పక్కపక్కన పెట్టాడు. రెండు తడి. ఒకటి పొడి.

"ఈ మూడింట్లో పొద్దున్నుంచి నీళ్లు ముట్టని నోరు ఏది నాయనా?"

చప్పట్లు ఆగిపోయాయి. ఎర్రోబులు తలగుడ్డ సర్దుకుంటూ జనంలో వెనక్కి, ఇంకా వెనక్కి జరిగాడు.

జైనుల్లా ఆకుల వైపు చూశాడు. కుల్లాయప్ప చేతుల్లోంచి నడికట్టు అప్పుడే ఊడి నేల మీద పడింది. జైనుల్లా వంగి దాన్ని తీశాడు. దుమ్ము దులిపి, రెండు చేతులా సుంకమ్మకు అందించాడు. ఆమె కొడుకు నడుముకు మళ్లీ బిగించి కట్టింది.

"డప్పు కొట్టండప్పా," అన్నాడు కరీంషా తాత.

పెద్దపీరు కుల్లాయప్ప భుజం మీదికి లేచింది. దర్గావాళ్లంతా చేయి వేయడానికి ముందుకురికారు. జైనుల్లా ఒక్కడే, పీరు నీడ కూడా తన మీద పడకుండా, వెనక్కి జరిగి జనం చివర నిలబడ్డాడు.