బావురుపిల్లికి పందిగుండు

కొండ కింద జొన్నచేలల్లో ఎలుకలు తెగబలిసిన ఏడాది అది. వాటిని వేటాడి చేలను నిలబెట్టింది బూడిదమ్మ అనే బావురుపిల్లి. ఆ మాట ఒక్కరంటే ఒక్కరు అనలేదు. వేటగాడు ఓబన్న కోళ్లు మాయమవుతుంటే మాత్రం అందరూ ఆమెనే ఆడిపోసుకున్నారు. కోళ్లు తిన్నది నక్క, తిట్లు తిన్నది పిల్లి. ఇదెక్కడి న్యాయమో నాకైతే తెలియదు.

ఒక పొద్దున బూడిదమ్మ పిల్లలకు పాలిస్తుంటే, జొన్నల అవతల మాటలు వినిపించాయి. నక్క, ఓబన్న వేటకుక్క కర్రిగాడు మాట్లాడుకుంటున్నారు.

“అన్నా, మీ కోళ్లను మింగుతున్నది ఆ పిల్లే. కళ్లారా చూసినా,” అంది నక్క.

“అయితే సాయంత్రం తుపాకీలో సన్న సీసం రవ్వలు పోయమంటా మా ఓబన్నను. కుందేలుకైనా పిల్లికైనా అవే సరి. చెదిరిపోతాయి కాబట్టి ఒకటైనా తగుల్తాది,” అన్నాడు కర్రిగాడు.

“రవ్వలా? అది చిరుతకు చెల్లెలన్నా. ఒళ్లు గోక్కుని పోతాది. అడవిపందికి పెట్టే సీసం గుండు పెట్టించు. మందు రెండింతలు దట్టించమను. పడితే మళ్లీ లేవకూడదు.”

“పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా? గుండు పోయేది ఒక్కటే. గురి తప్పితే?”

“మీ ఓబన్న గురి తప్పుతాడా? ఆ మాట నలుగురిలో అనొద్దు, పరువు పోతాది.”

యజమాని పరువు అనేసరికి కర్రిగాడు ఆ గుండే పెట్టించడానికి ఓబన్న దగ్గరకు పరుగెత్తాడు.

బూడిదమ్మకు ఒళ్లు మండిపోయింది. “మొన్న ‘అక్కా, ఆకలి’ అంటే నా వేటలో వాటా పెట్టినా. ఈరోజు నాకే గుండు ఎంచుతావా? నా బిడ్డలింకా కళ్లు కూడా తెరవలేదే,” అని పళ్లు కొరికింది. పిల్లలను మోసుకుని పారిపోయే వ్యవధి లేదు. ఊరికే చావడానికి ఆమెకు మనసూ లేదు.

సాయంత్రం ఓబన్న తుపాకీ పట్టుకుని వచ్చాడు. ఆ చావు చూడ్డానికి నక్క గట్టు వెనక రేగుపొదలో నక్కింది. గాలిలో దాని కంపు పట్టేసిన బూడిదమ్మ, తిన్నగా వెళ్లి ఓబన్నకూ ఆ పొదకూ నడుమ గట్టు మీద కూర్చుంది. తోక కూడా కదపలేదు.

నాటుతుపాకీలో నిప్పు ముందు రాజుకుంటుంది, గుండు ఆ తర్వాత బయల్దేరుతుంది. ఆ కాస్త సందు పిల్లికి చాలు. నిప్పు మెరవగానే బూడిదమ్మ నిలువునా ఎగిరింది. రెండింతల మందు తన్నిన తన్నుకు ఓబన్న వెల్లకిలా పడ్డాడు. గుండు ఆమె కింద నుంచి దూసుకుపోయి, పొదను చీల్చి, నక్క తోకను మొదలంటా ఊడగొట్టింది.

కర్రిగాడు పరుగెత్తి చూస్తే పొదలో నక్క, దాని పక్కన సగం తిన్న కోడిపుంజు.

“ఆ గుండు దానికి పెట్టమంటి కదన్నా,” అని ఏడ్చింది నక్క.

“పెట్టమన్నావు సరే. నా దగ్గర ఆగమని గుండుకు చెప్పినావా?” అంది బూడిదమ్మ గట్టు మీద నుంచి.

కర్రిగాడు నక్కను కొండ దాటేదాకా తరిమాడు. మళ్లీ అది ఈ చేల వైపు రాలేదు.

పక్కవాడికి పెద్ద గుండు కోరేవాడు, అది ఎంత దూరం పోతుందో ముందు చూసుకోవాలి.